తేనెకుండలో మర్యాద

బిష్కెక్ నగరంలోని మా పింఛన్ల శాఖ దొంగల కోసం ప్రత్యేకంగా ఒక ఉత్తుత్తి కంప్యూటరును ఏర్పాటు చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నెట్‌లో చొరబడేవాళ్లు అదే అసలుదనుకుని లోపలికి వస్తారు. వాళ్ల పద్ధతులు గమనించి అసలుదాన్ని గట్టి చేసుకోవాలి. ఆ వృత్తిలో దీన్ని తేనెకుండ అంటారు. పెట్టినవాడు మా మరిది జోల్దోష్.

ప్రారంభోత్సవానికి గొర్రెను కోశారు. ఆ ఉత్తుత్తి పేజీ కూడా అసలుదానిలాగే పాస్‌వర్డు తప్పంటూ మూసుకుపోవడం చూసి డైరెక్టరు సగిన్‌బెక్ గారు నొచ్చుకున్నారు.

"గడప దాకా వచ్చినవాణ్ని రొట్టె ముక్కయినా రుచి చూపించకుండా పంపడం మన ఇంటావంటా ఉందా? దొంగయితే మాత్రం? రాగానే కుశలం అడగాలి. అడిగింది కాదనకూడదు."

జోల్దోష్ అలాగే మార్చాడు. అసలు పేజీ మాత్రం యథాప్రకారం, పాస్‌వర్డు తప్పని చెప్పి మూసుకుపోతూనే ఉంది.

నెలాఖరులోగా వృద్ధులందరూ తాము బతికే ఉన్నట్టు నెట్‌లో శాఖకు తెలుపుకోవాలి. లేకపోతే పింఛను ఆగుతుంది. మా అత్తగారు కెంజెబూబు వారమంతా అసలు పేజీతో కుస్తీ పట్టారు. చివరికి పక్కింటి షైర్‌గుల్ వచ్చి కూర్చుంది.

"ఆ తలుపెందుకు కొడతావక్కా, అది పలకదు. ఇంకోటుంది చూపిస్తా. నా మోకాళ్ల నొప్పి ఎలా ఉందని కూడా అడిగింది."

అత్తగారు వెళ్లారు. "రండమ్మా, లోపలికొచ్చి కూర్చోండి. మీరు బతికే ఉన్నారు, చాలా సంతోషం" అని కనిపించింది. సాయంత్రానికి వీధి వీధంతా అక్కడే ఉంది.

డైరెక్టరు గారు టీవీలో ప్రకటించారు: "దేశంపై అపూర్వమైన దాడి జరిగింది. దుండగులు ముసలమ్మల వేషంలో వస్తున్నారు. వెళ్లేముందు మన పిల్లాపాపలకు దీవెనలు కూడా ఇస్తున్నారు. ఇంతటి కపటం ప్రపంచంలో ఎక్కడా నమోదు కాలేదు."

ఆయనకు పతకం వచ్చింది.

వాళ్లు నిజంగా ముసలమ్మలేననీ, అందులో తన తల్లి కూడా ఉందనీ జోల్దోష్ విన్నవించుకున్నాడు. "చూశావా, నీ ఇంట్లోకే చొరబడ్డారు" అన్నారు డైరెక్టరు గారు.

వాడు ఇంటికొచ్చి తల పట్టుకున్నాడు.

"అమ్మా, అది ఉత్తుత్తిది. అసలుదాంట్లో నువ్వు పోయినట్టే లెక్క."

"అయితే ఆ అసలుదాన్నే అడుగు, నేను బతికున్నానో లేదో."

"అది ఎవరితోనూ మాట్లాడదమ్మా."

"మీ నాన్న పోలిక" అన్నారావిడ.

తర్వాత ఆ దాడి మీద శాఖ జరిపిన అధ్యయన ఫలితాలు వెలువడ్డాయి. మర్యాదగా పలకరిస్తే జనం లోపలికి వస్తారని శాస్త్రీయంగా రుజువైంది. కాబట్టి భద్రత దృష్ట్యా, అసలు పేజీలో మిగిలి ఉన్న ఒకే ఒక్క "స్వాగతం" కూడా తొలగించారు. ఇప్పుడది సంపూర్ణంగా సురక్షితం. ఎవరూ వెళ్లలేరు.

ఈ నెల అత్తగారి పింఛను రాలేదు. అయినా పొద్దున్నే టీ తాగి ఆ ఉత్తుత్తిదాని దగ్గరికే వెళ్తున్నారు.

"ఎందుకత్తయ్యా, దాంతో డబ్బులు రావు కదా" అన్నాను.

"తెలుసమ్మా. ఆ ఆఫీసు మొత్తంలో నన్ను కూర్చోమన్నది అదొక్కటే."