జానాబెత్తెడు జిలెటిన్

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా అబ్బాయి ప్రమోద్ పనిచేసే కంపెనీ అడవి దుప్పుల మేలు కోరి పెట్టిన సంస్థ. షార్జా దాటి గంటసేపు పోతే ఇసుకలో ఒక పొడవాటి షెడ్డు వస్తుంది. అందులో పిస్తోలు తూటాలను పరీక్షిస్తారు. ఇక్కడ వేటకు వీల్లేదు కాబట్టి, వేట ముచ్చట ఉన్న పెద్దమనుషులు విమానమెక్కి వేరే దేశాల అడవులకు వెళ్తారు. పిస్తోలు తూటా తగిలితే దుప్పికి బాధ తెలియకుండా ప్రాణం పోతుందా పోదా అన్న బెంగతో పాపం వాళ్లకు అన్నం సహించదు. ఆ బెంగ తీర్చడమే కంపెనీ ఆశయం.

పరీక్షకు దుప్పిని తేరు. అది క్రూరత్వం. దాని కండలాంటి మెత్తటి దిమ్మ ఒకటి పోసి, దాన్ని కాలుస్తారు. తూటా అందులో జానాబెత్తెడైనా దిగాలి, మూర దాటకూడదు, లోపల దాని ముక్కు పువ్వులా విచ్చుకోవాలి. దిమ్మను నాలుగు డిగ్రీల చలిలో ఉంచాలి. కాస్త వేడెక్కినా దానికి ఒంట్లో బాగాలేనట్టే, పరీక్ష చెల్లదు. ఆ దిమ్మను పోసే మా వాడు ఎండాకాలం నలభై ఏడు డిగ్రీల షెడ్డులో ఉంటాడు. వాడి ఒంటి మీద ఏ పరీక్షా లేదు కనుక వేడెక్కినా చెల్లుతుంది.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. మొదట తెలిసింది ఒక్క మాట.

కరోనా పోయిన రెండో ఏడు, మే నెలలో ఒక బుధవారం మధ్యాహ్నం ప్రమోద్ షార్జా రోలా బజారు నుంచి కిలో సంచి ఒకటి తెచ్చి, దుబాయ్ అల్ కుసైస్‌లో మేముండే గదిలో మంచం కిందికి తోశాడు. "అమ్మా, గిది జిలెటిన్. రేపటి పరీక్షకు. ముట్టకు" అని చెప్పి కటింగుకు పోయాడు.

మా జగిత్యాల దిక్కు జిలెటిన్ అంటే ఒకటే అర్థం. క్వారీలో ఎర్రజెండా ఊపి, ఈల వేసి, జనాన్ని తరిమి, బండను పేల్చేది. మా ఆయన ఆశన్న ఫుజైరాలో ఒక క్వారీలో రెండేళ్లు చేసి, జీతం తెచ్చుకుని కుడి చెవి అక్కడే వదిలేసి వచ్చాడు. అలాంటి సరుకు ఇప్పుడు నా మంచం కింద. పక్క గదిలో కడప ఫాతిమాబీ, పైన నాలుగంతస్తులు, కింద బేకరీ. నేను ఆరో తరగతే చదివాను, కానీ జరగబోయేదంతా ఊహించడానికి ఆ చదువు చాలింది. పోలీసులు, జైలు, టీవీలో మా వాడి పాస్‌పోర్టు ఫోటో, అదీ చెవులు పెద్దగా పడ్డ ఫోటో.

దీపావళికి తుస్సుమన్న బాంబును ఏం చేస్తాం? నీళ్లలో వేస్తాం. నేనూ అదే చేశాను. బకెట్ సగానికి పైగా నింపి, సంచి చింపి మొత్తం పోసి, మూత పెట్టి, మూత మీద రోలు పెట్టాను.

ప్రమోద్ వచ్చి మంచం కింద వెతికాడు. "సంచి ఏది?"

"భయపడకు బిడ్డా. బకెట్ల నానవెట్టిన. ఇగ పేలది."

వాడు రోలు దించి, తొంగిచూసి, గోడకు చేరగిలబడ్డాడు. "అది రాయి పేల్చేది కాదే అమ్మా. జెల్లీ పొడి. కేకు సామాన్ల దుకాణంల తెచ్చిన, గదే ఆఖరి సంచి. రేపు పదింటికి వేటగాళ్లు వస్తున్రు. దిమ్మ లేకుంటే ముదీర్ నన్ను ఖలాస్ అంటడు. వీసా క్యాన్సల్."

ముదీర్ అంటే వాళ్ల మేనేజరు, హైదరాబాద్ అర్షద్ సాబ్.

వాడు ఆశ చావక నీళ్లు కొలిచాడు. తొమ్మిది లీటర్లు. కిలో పొడికి తొమ్మిది లీటర్ల చల్లటి నీళ్లు పోసి రెండు గంటలు నానబెట్టాలన్నది పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కనిపెట్టిన కొలతట. నేను ప్రాణభయంతో కనిపెట్టాను. ఇద్దరం కలిసి సన్నటి మంట మీద కరిగించి, నురగ తీసి, పాడవకుండా నాలుగు చుక్కలు దాల్చినచెక్క నూనె వేసి, ఫాతిమాబీ బియ్యం డబ్బాలో పోసి, ఉమ్మడి ఫ్రిజ్జులో పెట్టాం.

"ఏందమ్మా మాలతీ," అంది ఫాతిమాబీ ఫ్రిజ్జు తెరిచి. "ఈ అద్దాల దిండు యాడిది? నా పాలు యాడ పెట్టాల? ఇల్లంతా దాల్చినచెక్క వాసన, చూస్తే బిర్యానీ లేదు."

"దుప్పి, అక్కా" అన్నాడు మా వాడు. ఆమె దుప్పి సంగతి వదిలేసి, డబ్బా మాత్రం మర్నాడే కావాలంది. తిరిగి తెస్తానన్న హామీ మీద మర్నాడు పొద్దున నేనూ కంపెనీ వ్యానులో వెళ్లాను.

అర్షద్ సాబ్ టై కట్టుకుని, అతిథులుగా వచ్చిన వేటగాళ్ల ముందు ప్రసంగించారు. మొదట ఇంగ్లీషులో, తర్వాత ఉర్దూలో, చివరకు స్టాఫ్ కోసం తెలుగులో. "మనది చంపే కంపెనీ కాదు. బాధ లేకుండా చంపే కంపెనీ. జంతువు మీద మొహబ్బత్ లేనోడు తుపాకీ పట్టొద్దు. యల్లా, షురూ చేద్దాం."

ముందు చిన్న ఉక్కు గుండుతో దిమ్మ ఆరోగ్యం చూశారు. దిగాల్సినట్టే నాలుగు వేళ్ల లోతు దిగింది. ఇంత మంచి దిమ్మ మూడేళ్లలో చూడలేదన్నారు అర్షద్ సాబ్. మా వాడి వీసాకు ఊపిరొచ్చింది.

అప్పుడు కంపెనీ మనిషి ఒకాయన నీలిరంగు గుడ్డ నాలుగు మడతలు పెట్టి దిమ్మ ముందు కట్టాడు. దగ్గరికి పోయి చూశాను.

"సార్, దుప్పి జీన్స్ ప్యాంటు తొడుగుతదా?"

ప్రమోద్ నా కాలు తొక్కాడు. అర్షద్ సాబ్ నవ్వు ఆగిపోయింది. "అది ఇంటర్నేషనల్ పద్ధతి అమ్మా. జంతువుకు తోలు మందం ఉంటది గదా."

"తోలైతే తోలే కట్టుండ్రి. దీనికి జేబు గూడ ఉన్నది. దుప్పి జేబుల ఏం వెట్టుకుంటది?"

అతిథులు ఏమిటన్నట్టు చూశారు. అర్షద్ సాబ్ వాళ్లతో ఇంగ్లీషులో ఏదో అన్నారు. దిమ్మకు దిష్టి తీయాలంటోందని చెప్పారట, వాళ్లు నాకు నమస్కారం పెట్టారు. తర్వాత ఆయన మా వాడివైపు తిరిగి, లోపాన్ని వెంటనే సరిదిద్దమని ఆదేశించారు.

"జేబు పీకెయ్."

జేబు పీకాక ఆ గుడ్డ పూర్తిగా దుప్పి అయింది. మొదటి తూటా ముక్కు నిండా దారాలు కుక్కుకుని, విచ్చుకోకుండా దిమ్మను దాటి ఇసుకలో పడింది. అతిథులు పెదవి విరిచారు. రెండో రకం తూటా నాలుగు మడతలూ చీల్చుకుని, పువ్వులా విచ్చుకుని, సరిగ్గా జానాబెత్తెడులో ఆగింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. వేటకు ఇదే సరైనదని అక్కడికక్కడే ఎంపిక చేశారు. రిపోర్టులో మా వాడి చేతే రాయించారు: తోలు, నాలుగు పొరలు, నీలి రంగు.

వీసా రెండేళ్లు పెరిగింది. మెచ్చుకోలుగా కంపెనీ ప్రమోద్‌కు కొత్త జీన్స్ ప్యాంటు బహూకరించింది. నేను దాన్ని సూట్‌కేసు అడుగున పెట్టి తాళం వేశాను. "అమ్మా, గిది బట్టనే" అని వాడు మొత్తుకుంటున్నాడు. బట్ట కాదు, తోలని నువ్వే రాసినవు గదా బిడ్డా, అన్నాను.

ఆ తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం రోలాకు కూరగాయలకు పోతే, నీలి దుప్పులు మందలు మందలుగా ఎదురొస్తున్నాయి. జేబులో ఫోను, చేతిలో చాయ్. నాలుగు పొరలు కూడా కాదు, అన్నిటికీ ఒకటే పొర. ఒక్కదానికీ బెదురు లేదు.

తమరు కూడా ఇంతసేపూ దుప్పి సంగతే కదా అని నిమ్మళంగా చదివారు. ఏం తొడుక్కుని చదివారో ఒకసారి కిందికి చూసుకోండి.