యానాం శనికి వలయాల మంజూరు

"ప్రారంభోత్సవం కాని వస్తువు ప్రభుత్వం దృష్టిలో ఇంకా పుట్టలేదు! పుట్టని వస్తువుని ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం, తుడవడం, కన్నెత్తి చూడడం నిబంధనలకు విరుద్ధం!"

ఈ మహావాక్యాన్ని సెలవిచ్చినవారు యానాంలో ఒకానొక బడికి హెడ్మాస్టరు లక్ష్మణరావు మేష్టారు. ఏ బడి అని అడక్కండి, ఊళ్ళో బళ్ళకేం తక్కువ లేదు. విన్నది అక్కడ ఫిజిక్సు చెప్పే జోసెఫిన్ టీచరు. ఆ పుట్టని వస్తువు ఒక కంప్యూటరు. అది పుదుచ్చేరి నుంచి వచ్చి రెండున్నరేళ్ళయింది. రిబ్బను కత్తిరించడానికి తగిన పెద్దమనిషి దొరక్క, కవరు కప్పుకుని, లక్క సీలుతో ఆఫీసు గది మూల కూర్చుంది.

ఇంతలో రెండువేల తొమ్మిది వచ్చింది. ఆ ఏడాదంతా జనం ఆకాశం వైపు చూడాలని దేశదేశాల పెద్దలు తీర్మానించారు. యానాం కూడా ఆకాశం కిందే ఉందని పుదుచ్చేరికి ఎలా గుర్తొచ్చిందో గుర్తొచ్చింది. బడికో టెలిస్కోపు, దానికి తగిలించే కెమెరా పంపించింది. జోసెఫిన్ టీచరు ఊరుకునే మనిషా! తొమ్మిదో తరగతి అమ్మాయిలు నలుగురిని వెంటబెట్టుకుని మూడు రోజులు తెల్లారగట్ల దరియాలతిప్ప ఏటిగట్టు మీద చలిలో నిలబడి శనిగ్రహాన్ని ఫోటో తీసింది. నలుగురూ చేపల వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు. ఒక పిల్ల తండ్రి వలలు సర్దుకుంటూ, "పడిందాండి టీచరుగారూ?" అని రోజూ అడిగేవాడు. మూడోనాడు పడింది.

"మీ ఫోటో బడి గోడకెక్కుతుంది. కింద మీ నలుగురి పేర్లుంటాయి. నాదీ పూచీ," అంది టీచరు. పుస్తకంలో బొమ్మ తప్ప ఎరగని పిల్లలు, వాళ్ళు తీసిన బొమ్మే గోడమీదికి వస్తుందంటే ఆ పూట అన్నం కూడా తినలేదట. ఆవిడకి కావలసిందల్లా అదే, ఆ ఫోటో గోడకెక్కడం. అంతకన్నా చిన్న కోరిక ఎవరైనా కోరగలరా?

కానీ కెమెరా ఇచ్చిన ఫైలు మామూలు కంప్యూటర్లు తెరిచే రకం కాదు. దానికి ఖగోళ చిత్రాల సాఫ్ట్‌వేరు వేరే ఉంది. అది నడిచేది లినక్స్ కంప్యూటరు మీద. ఊరు మొత్తం మీద లినక్స్ ఉన్నది ఆ పుట్టని కంప్యూటరులోనే.

"పుదుచ్చేరి నుంచి విద్యాశాఖ డైరెక్టరుగారు నెలాఖరుకి వచ్చి మీట నొక్కుతారు. నొక్కగానే శనిగ్రహం కనపడాలి," అన్నారు హెడ్మాస్టరు.

"కనపడాలంటే ముందు సాఫ్ట్‌వేరు ఎక్కించాలండి. ఎక్కించాలంటే ఆన్ చెయ్యాలండి."

"ఆన్ చెయ్యకూడదు!"

"మరి కనపడదండి!"

"కనపడి తీరాలి!"

ఈ చిక్కుముడి విప్పినవాడు సూపరింటెండెంటు సత్తిబాబు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసు, అందులో ఇరవయ్యేళ్ళు నోటు ఫైళ్ళు రాయడంలోనే పండిపోయినవాడు. "ఆయ్, పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టేదాకా తెర అడ్డం పడతాం కదండీ. అవతల పెళ్ళికూతురు లేదని కాదు కదా! తెరమీద తువ్వాలు కప్పుదాం. లోపల మిషను దాని పని అది చేసుకుంటుంది. మనం చూడలేదు కాబట్టి అది పుట్టలేదు," అన్నాడు. హెడ్మాస్టరు పరమానందభరితులై 'తువ్వాలు కప్పబడిన స్థితిలో ఆన్ చేయుటకు అనుమతి' అని సంతకం పెట్టేశారు.

ఆ రోజునుంచి జోసెఫిన్ టీచరు పాట్లు చూడాలి! తువ్వాలు కొస ఎత్తడం, ఒక్క లైను చదవడం, హెడ్మాస్టరు చెప్పుల చప్పుడు వినపడగానే దించడం. మొదటి లైనే పాస్‌వర్డు అడిగింది. అది తెలిసిన పాత సూపరింటెండెంటు కేరళ పక్కనున్న మాహేకి బదిలీ అయిపోయాడు. ఫోను చేస్తే, "అమ్మమ్మ! అత్యంత రహస్యం టీచరుగారూ, ఫోనులో చెప్పకూడదండి," అన్నాడు.

"రహస్యమా?" అని నవ్వాడు సత్తిబాబు. "స్టాకు రిజిస్టర్లో ఉందిగా!" నిజంగానే ఉంది. కీబోర్డు ఒకటి, మౌసు ఒకటి, దాని కింద గుండ్రటి అక్షరాల్లో పాస్‌వర్డు. పక్కన 'మంచి స్థితిలో ఉన్నది' అని ప్రతి మార్చిలోనూ తనిఖీ చేసిన ముగ్గురు ఆఫీసర్ల సంతకాలు. ఏటా దాన్ని బడి స్టాఫు అందరి ముందూ పైకి చదివి టిక్కు పెడతారట. ఎవరూ వినలేదు గనక అది ఇంకా రహస్యంగానే ఉంది.

పాస్‌వర్డు కొడితే సాఫ్ట్‌వేరు ఇంకో ప్యాకేజీ కావాలంది. బడిలో ఇంటర్నెట్ లేదు. జోసెఫిన్ ఆటో ఎక్కి బజారులో నెట్ సెంటరుకెళ్ళి, దాన్ని పెన్‌డ్రైవులో దింపుకొచ్చింది. అది మూడోది కావాలంది. మళ్ళీ ఆటో. ఆ మూడోది, మొదటిది ఎక్కించి ఉంటేగాని నేను ఎక్కనంది! పాతదనో, సగమే దిగిందనో మళ్ళీ మళ్ళీ, నాలుగు రోజుల్లో తొమ్మిదిసార్లు తిరిగింది. ఆఖరికి ఆటో అతను, "ఇవాళ ఏది కావాలందండీ?" అని తనే అడగడం మొదలెట్టాడు.

ఐదోనాడు ఆవిడ తల పట్టుకు కూచుంటే సత్తిబాబు టీ తాగుతూ వచ్చి సంగతంతా విన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "ఓస్! ఇది మన ఆఫీసేనండీ! రేషన్ కార్డుకి నివాస ధ్రువపత్రం కావాలి. దానికి కరెంటు బిల్లు కావాలి. కరెంటు మీటరుకి రేషన్ కార్డు కావాలి. ఇందులో కొత్తేముంది?"

"మరి మీ ఆఫీసులో పని ఎలా అవుతుందండీ?"

"మూడు కాయితాలూ ఒకే బల్లమీద పెట్టి, ఒకే తేదీతో, ఒక్కసారే సంతకాలు కొట్టించెయ్యాలండి. ముందెవరు, వెనకెవరు అని అడగనివ్వకూడదు."

జోసెఫిన్ తువ్వాల్లోకి తల దూర్చి మూడు ప్యాకేజీల పేర్లూ ఒకే వరసలో కొట్టి ఎంటర్ నొక్కింది. మూడూ నోరెత్తకుండా ఎక్కేశాయి! కంప్యూటరు పుస్తకాలు రాసినవాళ్ళు సత్తిబాబు దగ్గర నాలుగు రోజులు గుమాస్తాగిరీ చేసి ఉంటే బాగుపడేవాళ్ళు.

ఇక అయిపోయిందనుకున్నారా? అసలు సాఫ్ట్‌వేరు మొరాయించింది. 'ఈ ఫైళ్ళు భవిష్యత్తులో తయారైనవి' అని ఒకటే గోల.

"అదెలాగండీ? మన దగ్గర ఫైళ్ళన్నీ గతంలోవేగా!" అన్నాడు సత్తిబాబు.

రెండున్నరేళ్ళు లక్క సీలు కింద కూర్చుని లోపలి బ్యాటరీ చచ్చిపోయింది. ఆ కంప్యూటరు లెక్కలో అది రెండువేల రెండు, జనవరి ఒకటి. దానికి రెండువేల తొమ్మిదిలో తయారైనవన్నీ అబద్ధాలే. జోసెఫిన్ తేదీ సరిచేసి మళ్ళీ ఎంటర్ కొట్టింది. తువ్వాలు కొస కింద నల్లటి తెర మధ్య చిన్న పసుపుపచ్చ ఉండ, దాన్ని అడ్డంగా కోస్తూ సన్నటి గీత. పునుక్కి ఈనుపుల్ల గుచ్చినట్టుంది. ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నా పిల్లలు తీశారు, దేవుడా, నా పిల్లలు తీశారు, అనుకుంది.

నెలాఖరున డైరెక్టరుగారు దయచేశారు. బయట షామియానా వేసి, కంప్యూటరుని వేదిక మీదికి చేర్చారు. దండలు పడ్డాయి, తువ్వాలు స్థానంలో పట్టుగుడ్డ పడింది. వేదిక ముందు నలుగురమ్మాయిలూ కొత్త రిబ్బన్లతో నిలబడ్డారు. డైరెక్టరుగారు పట్టుగుడ్డ లాగి, మీట నొక్కి, తెరవైపు చూసి కనుబొమలు ముడిచారు.

"వలయాలేవి?"

జోసెఫిన్ ముందుకొచ్చింది. "ఆ గీతే వలయాలండి. పదిహేనేళ్ళకోసారి అవి మనకి సరిగ్గా అంచువైపు తిరుగుతాయి. పళ్ళేన్ని పక్కనుంచి చూసినట్టు గీతలా కనపడతాయండి. ఈ ఏడాది..."

"మా పుదుచ్చేరి ఆఫీసులో గోడమీద శనిగ్రహం ఉంది. దానికి ఇంతేసి వలయాలున్నాయి!" అన్నారు డైరెక్టరుగారు చేతులు చాచి.

ఆయన మామూలుగానే అన్నారు. కానీ ఆ మాట యానాంలో అనకూడదు! వెనక కుర్చీల్లోంచి ఒకాయన లేచాడు. "పుదుచ్చేరి శనికి వలయాలుంటాయి, మన శనికి గీతా? ఎప్పుడూ ఇంతే! ఏదొచ్చినా వాళ్ళు వాడేసిందే మనకి పంపుతారు!" ఇంకొకాయన, "ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలున్నామనేగా ఈ చిన్నచూపు!" అన్నాడు. క్షణంలో నినాదాలు మొదలయ్యాయి. "యానాంకి వలయాలు ఇవ్వాలి! ఇచ్చి తీరాలి!"

డైరెక్టరుగారు అనుభవజ్ఞులు. మైకు అందుకున్నారు. "సోదరులారా! యానాం ప్రజల మనోభావాలు నాకు తెలుసు. మే నెలాఖరులోగా వలయాలు మంజూరు చేయిస్తానని మాటిస్తున్నాను!" చప్పట్లకి షామియానా ఊగిపోయింది. ఈలోగా సత్తిబాబు ఎందుకైనా మంచిదని దగ్గరుంచుకున్న క్యాలెండరు బొమ్మ, నిండు వలయాలున్నది, బల్లమీద నిలబెట్టాడు. ఫ్రేము కట్టించి గోడకెక్కించింది దాన్నే. 'లోపభూయిష్టమైన శని'ని తెరమీంచి తీసెయ్యమన్నారు హెడ్మాస్టరు. నలుగురు పిల్లల్లో చిన్నది, "మేం సరిగ్గా తియ్యలేదాండీ టీచరుగారూ?" అని ఏడ్చింది. జోసెఫిన్‌కి ఒళ్ళు మండిపోయింది. "సరిగ్గానే తీశారమ్మా. చూడ్డం రానిది వాళ్ళకి," అంది గట్టిగానే. కానీ చప్పట్లలో ఎవరికి వినపడుతుంది?

తరవాత జరిగింది విని మీరు నన్ను అబద్ధాలకోరంటారు. ఆకాశం దాని లెక్క ప్రకారం అది తిరిగి, మే నెలకి శని వలయాలు కొంచెం విచ్చుకున్నాయి. టెలిస్కోపులో చూస్తే అటో చెవి, ఇటో చెవి. ఇంకేముంది! డైరెక్టరుగారు మళ్ళీ వచ్చి సాయంత్రం ఏడింటికి రిబ్బను కత్తిరించి, టెలిస్కోపులో చూసి, శిలాఫలకం ఆవిష్కరించారు. 'యానాం ప్రజల చిరకాల వాంఛయగు శని వలయములు' అని మొదలవుతుంది అది. సత్తిబాబు స్టాకు రిజిస్టరు తెచ్చాడు. శని వలయములు, ఒక జత, అందినవి, మంచి స్థితిలో ఉన్నవి. బాధ్యురాలు జోసెఫిన్ టీచరు.

"నేను సంతకం పెట్టనండి. మన భూమి కూడా తిరుగుతోంది కాబట్టి ఇవి కాస్త విచ్చుకున్నా, ఆగస్టుకల్లా మళ్ళీ పోతాయండి."

"ఎక్కడికి పోతాయండీ? లక్క సీలు వేయించమంటారా?" అన్నారు హెడ్మాస్టరు. సంతకం పెట్టించే దాకా జీతం బిల్లు కదలలేదు. పెట్టింది, ఏం చేస్తుంది పాపం.

ఆగస్టు మొదట్లో డైరెక్టరుగారు తన పైఅధికారి, సెక్రటరీగారిని వెంటబెట్టుకొచ్చారు, తాను తెచ్చిన వలయాలు చూపించడానికి. పొద్దు గూకగానే పడమటివైపు టెలిస్కోపు తిప్పారు. సెక్రటరీగారు కన్ను పెట్టి, "ఉత్త ఉండే ఉందే!" అన్నారు. డైరెక్టరుగారు చూశారు. హెడ్మాస్టరు చూశారు. ముగ్గురూ కలిసి జోసెఫిన్‌ని చూశారు.

"టీచరుగారూ! రిజిస్టరు ప్రకారం మీ సంరక్షణలో ఉన్న వలయాలు ఏవీ?" అన్నారు హెడ్మాస్టరు.

నిజం ఒకసారి చెప్పి చూసింది ఆవిడ. ఏమైందో మీరూ చూశారు. ఒక్క నిమిషం ఆలోచించి, చేతులు కట్టుకుని వినయంగా అంది. "పుదుచ్చేరికి బదిలీ అయిపోయినయ్యండి."

ఎవరూ నవ్వలేదు. హెడ్మాస్టరు నిట్టూర్చి, "అంతేనండి, యానాంలో మంచిదేదీ నిలవదు," అన్నారు. సెక్రటరీగారు తలాడించి, "ఆర్డరు కాపీ ఉందా?" అన్నారు. సత్తిబాబు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఆయ్, టపాలో ఉందండి!" అన్నాడు. డైరెక్టరుగారు నుదుటి చెమట తుడుచుకుని, "అవునవును, నేనే పంపాను," అన్నారు.

చెప్పిన మాట నిలబెట్టుకోవాలి కదా! ఆ రాత్రే సత్తిబాబు ఉత్తరం టైపు చేశాడు. 'శని వలయములు, ఒక జత, ఇందువెంట పంపడమైనది.' ఉత్తరం తప్ప వెంట ఏమీ లేదు. మూడు వారాలకి పుదుచ్చేరి నుంచి జవాబొచ్చింది. రెండు ముద్రలు, మూడు సంతకాలు.

'తమరు పంపిన శని వలయములు అందినవి. లెక్క సరిపోయినది. మంచి స్థితిలో ఉన్నవి.'

జోసెఫిన్ టీచరు ఆ కాగితం పట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి నడిచింది. "మన శనికి ఇప్పుడు వలయాలు లేవని రాతపూర్వకంగా వచ్చిందండి. మరి గోడమీద వలయాలున్న బొమ్మ ఉంటే, రేపు ఆడిట్‌లో దొంగ సొత్తు అనరాండీ?"

హెడ్మాస్టరు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి, స్టూలెక్కి, తన చేతుల్తోనే క్యాలెండరు బొమ్మ దింపేశారు. "ఉన్నదున్నట్టు చూపించే బొమ్మేదైనా ఉందాండీ మన దగ్గర?" అన్నారు ఆదుర్దాగా.

ఉంది. ఆ సాయంత్రమే గోడకెక్కింది, కింద నలుగురు పిల్లల పేర్లతో.