కిటికీ అద్దానికి ఎవరి మోకాలు?

ఒక పెద్ద అడవిలో కిటికీలకు అద్దాలు బిగించుకునేదాకా నాగరికత వచ్చింది. నాగరికత వచ్చాక రూల్సు రాకుండా ఉంటాయా? వచ్చాయి. పగిలిన అద్దం మార్చేటప్పుడు, కిటికీ మోకాలెత్తుకి కింద ఉంటే మామూలు గాజు పనికిరాదు, సేఫ్టీ గ్లాసే పెట్టాలి. అది పగిలినా పలుకులుగా రాలుతుందే గానీ ఒళ్లు కొయ్యదు. అడవి సభవారి గిడ్డంగిలో తప్ప దొరకదు, అనుమతి కాగితం లేందే ఇవ్వరు.

కుందేలు దూకుళ్లమ్మ పిల్లాడు ఇంట్లో పరుగెత్తుతూ కిటికీ అద్దంలోంచి అవతలికి పోయాడు. చెవి చీలింది. ఇంకా ఐదుగురున్నారు, ఐదుగురిదీ అదే పరుగు.  పాపం, ఆ తల్లి సభ ఆఫీసుకి వెళ్లి సేఫ్టీ గ్లాసు కోసం దరఖాస్తు పెట్టింది.

గుమాస్తా తాబేలు నిదానయ్య దాన్ని రెండువైపులా చదివాడు.

"మోకాలెత్తు అన్నారు, సరే. ఎవరి మోకాలమ్మా?"

"ఎవరిదైతే ఏంటయ్యా? నా బిడ్డ చెవి చూడు."

"చెవి గురించి రూల్లో లేదమ్మా."

ఫైలు సభకెక్కింది. గిడ్డంగిలో సరుకంతా సభాభవనానికే పెట్టుకోవాలని సభ్యుల కోరిక. ఏనుగు మోకాలని రాస్తే కిటికీలన్నీ దాని కిందికే వచ్చి, సరుకంతా ఊరి పాలవుతుంది. అప్పుడు ఉపాధ్యక్షుడు ముంగిస సర్దుబాటయ్య లేచాడు.

"అధ్యక్షా, మనది చిన్నవాళ్ల పక్షం. చీమ మోకాలే కొలతగా పెడదాం."

చప్పట్లు మోగాయి. చీమ మోకాలికి కింద కిటికీ ఉన్న ఇల్లు అడవిలో ఒక్కటీ లేదు. చీమల సంఘం ముంగిసకి శాలువా కప్పింది. దూకుళ్లమ్మని మామూలు గాజు బిగించుకోమన్నారు.

నెల తిరక్కుండా ముంగిస ఇంట్లో అద్దం పగిలి కూతురి కాలు తెగింది. సర్దుబాటయ్య ఆఫీసుకి పరుగెత్తాడు.

"నిదానయ్యా, వెంటనే సేఫ్టీ గ్లాసుకి కాగితం రాయి."

"మీ కిటికీ చీమ మోకాలికి పైనే ఉందండి."

"ఆ రూలు పెట్టించింది నేనేనయ్యా."

"అందుకే మీకు విడమర్చి చెప్పట్లేదండి."

సంగతి తెలిసి దూకుళ్లమ్మ పసుపూ పాతగుడ్డా పట్టుకెళ్లి పాప కాలికి కట్టు కట్టింది. మనసులో కోపం లేకపోలేదు, కానీ రక్తం చూశాక ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ముంగిస కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అక్కా, ఆ బాధేంటో ఇప్పుడు తెలిసొచ్చింది. రేపే రూలు మార్పిస్తాను."

అన్నమాట తప్పలేదు. మర్నాడే సవరణ వచ్చింది. సభ్యుల ఇళ్లకి ఏనుగు మోకాలు. మిగతావారికి చీమ మోకాలు, యథాతథం.

దూకుళ్లమ్మ ఆరుగురు పిల్లల్నీ వరసగా నిలబెట్టి, నడవడం నేర్పుతోంది. కుందేళ్లలో ఇదే మొదలట.

నీతి: ఇంట్లో పిల్లలుంటే ముందు బిగించుకోవాల్సింది కిటికీకి అద్దం కాదు, సభలో కుర్చీ.