పదకొండు మార్కుల అంతోనమ్మ

డెబ్బై ఎనిమిది జూన్‌లో ఒక సోమవారం, బడి మొదటి గంట కొట్టేలోపు తల్లి మోకాలు డాక్టరుకి చూపించేయాలని దేవానందం బయల్దేరాడు. అతను తిరువూరులో ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఇంట్లో తల్లీ కొడుకులే. తల్లి అంతోనమ్మ నలభై ఏళ్లు వినగడప పొలాల్లో నాట్ల ముఠా నడిపింది. బడి గుమ్మం తొక్కింది లేదు.

కొత్తగా ప్రాక్టీసు పెట్టిన కుర్ర డాక్టరు శంకరనారాయణ మోకాలికి మందు రాశాడు. ముసలివాళ్ల జ్ఞాపకశక్తి చూడడానికి పట్నం నుంచి తెచ్చుకున్న అచ్చు కాగితం ఒకటి ఉంటే అదీ తీశాడు. ఈరోజు తేదీ ఎంత, వందలోంచి ఏడేసి తీసేయి, ఈ వాక్యం చదువు, ఈ బొమ్మ చూసి గియ్యి. అంతోనమ్మ జన్మలో మొదటిసారి పెన్ను పట్టుకుని నారు నాటినట్టు కాగితంలో గుచ్చింది. ముప్పైకి పదకొండు వచ్చాయి.

డాక్టరు దేవానందాన్ని పక్కకి పిలిచాడు. "మతిమరుపు మొదలైంది మాస్టారూ. రోజూ తేదీ, ఊరు, మీ పేరు అడుగుతూ ఉండండి. ఆవిడకి మాత్రం సంగతి చెప్పకండి."

మర్నాడు పొద్దున్నే దేవానందం తల్లి ముందు కూర్చున్నాడు. "అమ్మా, నా పేరేంటి?"

అంతోనమ్మ కొడుకు మొహంలోకి చూసింది. "దేవానందం, నాయనా."

"మనది ఏ ఊరు?"

"తిరువూరు." ఆమె లేచి పక్కింటి జోజమ్మ దగ్గరికి వెళ్లింది. "మావాడికి సొంత పేరు కూడా గుర్తుండట్లేదే," అంది.

ఆదివారం గుడిలో ఫాదరుగారు ఆ కుటుంబం కష్టం తీరాలని ప్రార్థన చేస్తే, అమ్మకోసమే అనుకుని దేవానందం అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పాడు. హెడ్మాస్టరు పరబ్రహ్మంగారు అతని చేతిలో సుద్దముక్క మెల్లగా తీసుకుని ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమన్నారు. అమ్మని చూసుకోవడానికి సెలవిచ్చారని దేవానందం దణ్ణం పెట్టాడు. రెడ్డిగూడెం నుంచి చెల్లెలు రిబ్కా మామిడిపళ్ల బుట్టతో దిగి అతన్ని పట్టుకుని ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. ఎవరికోసం ఏడుస్తున్నారో ఒకరినొకరు అడగలేదు.

పదో రోజు తల్లీ కొడుకులు ఒకరినొకరు చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

"బాబూ, మావాడికి మతి పోయింది," అంది అంతోనమ్మ. "మంగళవారం మూడుసార్లు పేరడిగాడు. బుధవారం రెండుసార్లు, ఊరు ఒకసారి. గురువారం బయట వాన పడుతుంటే ఇదేం కాలమమ్మా అన్నాడు." అలా రోజు రోజుదీ చెప్పుకొచ్చింది. రాసుకుంటున్న డాక్టరు వెనకబడ్డాడు.

"మళ్లీ ఓసారి చెప్పమ్మా."

మళ్లీ చెప్పింది. ఒక్క ముక్క తేడా రాలేదు.

"ఇదంతా ఎక్కడ రాసుకున్నావు?"

"రాతెక్కడిది బాబూ? నలభైమంది ఆడోళ్లు ఏ రోజు ఏ మడిలో దిగారో, ఎవరు రాలేదో, అంతా మనసులోనే పెట్టుకునేదాన్ని. ఏనాడూ తప్పు పోలేదు."

డాక్టరు పాత కాగితం తీసి పదకొండు కొట్టేశాడు. "మతి నిక్షేపంగా ఉంది మాస్టారూ. ఈ కాగితమే చదువుకున్నవాళ్ల కోసం తయారుచేసింది. నేను ఆ సంగతి చూసుకోవాల్సింది."

దేవానందం ఇంటిదాకా ఎదురైన ప్రతివాళ్లనీ ఆపి, మా అమ్మ డాక్టరునే ఓడించిందని చెప్పాడు. అంతోనమ్మ కొంగు సర్దుకుని, తల ఎత్తుకుని పక్కన నడిచింది.

మర్నాడు బడిలో చేరడానికి దేవానందం మాత్రం తనకి మతి సరిగ్గానే ఉందని సర్టిఫికెట్టు తేవలసి వచ్చింది.