సవరించిన దూరం

విమానం గాల్లో ఉండే వేళను ఉన్నదానికంటే ఎక్కువ చేసి రాస్తే, పాపం రాసినవాడిదా, రాయించినవాడిదా? చిన్న విమానాశ్రయంలో కాలపట్టిక రాసే గుమాస్తాకు తొమ్మిదేళ్ళుగా ఇదే సందేహం. రోజూ పొద్దున్నే దండం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి అడిగేవాడు. దేవుడు పలికేలోగా ఆఫీసు వేళయ్యేది.

కొండల అవతలనున్న ఊరి నుంచి వచ్చే విమానానికి మొదట్లో పట్టికలో యాభై అయిదు నిమిషాలనే ఉండేది. ఒకరోజు అది అయిదు నిమిషాలు ఆలస్యంగా దిగింది. ప్రయాణికులు కౌంటరు అద్దం పగలగొట్టినంత పని చేశారు. మేనేజరుగారు దూరదృష్టి గలవారు. విమానం జోలికి పోకుండా పట్టికలో పది నిమిషాలు చేర్చారు. మర్నాడు కూడా విమానం అంతే సేపు తీసుకుని, లెక్క ప్రకారం అయిదు నిమిషాలు ముందే దిగింది. ప్రయాణికులు చప్పట్లు కొట్టారు.

చప్పట్ల రుచి మరిగాక ఏటా ఇంత కలుపుతూ పోయారు. పట్టికలో ప్రయాణం మూడు గంటలకు చేరేసరికి తనిఖీకి వచ్చిన పెద్దాయన ముక్కున వేలేసుకున్నాడు. "నాలుగొందల కిలోమీటర్లకు మూడు గంటలా? మా బావమరిది డొక్కు కారే నయం కదయ్యా!"

అభ్యంతరం సమంజసంగా ఉన్నందువల్ల, దూరాన్ని పద్నాలుగు వందల కిలోమీటర్లకు సవరించారు. మధ్యనున్న కొండలకు ఈ సంగతి తెలియపరచలేదు.

ఆ ఏడు ఉత్తమ సమయపాలన పతకం వచ్చింది. "దూరం ఇంత పెరిగినా వేళకు ముందే దించుతున్నాం. ఇదీ మన అంకితభావం!" అన్నారు మేనేజరుగారు మైకులో. గుమాస్తా కూడా చప్పట్లు కొట్టాడు. జీతగాడు మరి.

కొండల అవతలి ఆ ఊళ్ళో అతని అక్క ఉంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, గంటకు మించి కాళ్ళు ముడుచుకు కూర్చోలేదు. పట్టిక రెండు గంటలు దాటిన ఏడే విమానమెక్కి రావాలన్న ఆలోచన మానుకుంది. "నాకైనా నిజం చెప్పరా తమ్ముడూ, ఎంతసేపు పడుతుంది?" అని ఫోనులో అడిగింది. "కనుక్కుని చెప్తానక్కా" అన్నాడు. ఆ జవాబు అయిదేళ్ళుగా బాకీ ఉండిపోయింది. తనే వెళ్దామని సెలవు అడిగితే, "అంత దూరమే!" అని మేనేజరుగారే బెదిరిపోయారు.

మొన్న అక్క, "నీ మనవరాల్ని ఫోటోలోనే చూసి పోతాలేరా" అనేసరికి గుమాస్తా ప్రాణం ఉసూరుమంది.

"యాభై అయిదు నిమిషాలేనక్కా. బయల్దేరు" అనేశాడు.

విమానం దిగింది. మూడు గంటల ప్రయాణం రెండు గంటల ముందే ముగిసిందని జనమంతా ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు. అక్క ఒక్కతే మొహం ముడుచుకుని వచ్చి, చేతి గడియారం తమ్ముడి ముక్కు దగ్గర పెట్టింది.

"యాభై ఏడయింది! నమ్ముకుని ఎక్కితే ఇంతేనట్రా?"

"తిట్టక్కా, తిట్టు" అంటూ గుమాస్తా ఆమె సంచీ అందుకున్నాడు. బాకీ తీరింది. పట్టిక సవరించాక ఈ తొమ్మిదేళ్ళలో ఆ విమానం ఆలస్యమైందని వచ్చిన ఫిర్యాదు అదొక్కటే.