వెనక చక్రాల వామన్‌రావు

శుక్రవారం పొద్దున వామన్‌రావు వేసుకున్న ప్లాను చిన్నదే. ఆబిడ్స్‌లోని ఇంట్లో పూజ ముగించుకుని, నాంపల్లి స్టేషన్ దగ్గరి టైర్ల దుకాణానికి వెళ్లి, కూతురు అక్షిత చెప్పిన వెనక చక్రాలు రెండు, టైర్లతో సహా చూసి తేవాలి. వస్తూ వస్తూ మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తినాలి. ఈ చివరిది ఇంట్లో చెప్పలేదు.

అక్షితకు ఆఫీసులో సెలవు దొరకలేదు. ఆదివారం ఊరి బయట, అన్ని అనుమతులతో, డ్రాగ్ రేసు ఉంది; తిన్నటి దారిలో కార్లు ఒక్క ఊపున దూసుకుపోయే పందెం. తన జీతంతో కొనుక్కున్న పాత స్పోర్ట్స్ కారును ఆమె మొదటిసారి అందులో పరుగెత్తించబోతోంది.

"మంచిగ యాదిపెట్టుకో నాన్నా. ఇంజన్ జోరంతా వెనక చక్రాల మీదనే పడ్తది. రిమ్ము చిన్నగుండాలె, టైరు గోడ ఎత్తుగుండాలె. రబ్బరు మెత్తగ, గీతల్లేకుండ నున్నగుండాలె. ధగధగ మెరిసే పెద్ద రిమ్ములు చూపెడ్తరు, పడిపోకు."

"ఆ సోమయాజులు గారింట్ల మాత్రం ఈ ముచ్చట తెల్వొద్దు," అంది అక్షిత తల్లి విద్యావతి. సోమయాజులు కొడుకు శశికిరణ్‌తో అక్షిత సంబంధం దాదాపు కుదిరింది. వచ్చే వారం తాంబూలాలు. "పిల్ల రేసులు తోలుతదంటే పెద్దమనుషులు ఏమంటరో ఏమో. తాంబూలాలైనంక మెల్లగ చెప్పుదాం."

"శశికిరణ్‌కు నేనెప్పుడో చెప్పిన," అని గొణిగి అక్షిత ఆఫీసుకు వెళ్లిపోయింది.

దుకాణం యజమాని అంజన్ రెండు జతలు ముందు పెట్టాడు. ఒకటి అద్దంలా మెరిసే పెద్ద రిమ్ములు, వాటికి గాజుల్లాంటి సన్నటి టైర్లు. రెండోది చిన్న నల్ల రిమ్ములు, వాటికి గుండు కొట్టించుకున్నట్టున్న లావు టైర్లు. వామన్‌రావు రెండో జత మీద చెయ్యి వేశాడో లేదో, వెనక నుంచి గొంతు వినిపించింది.

"వామన్‌రావు గారూ! మీరేంటండీ ఇక్కడ?"

శశికిరణ్ మేనమామ రాఘవేంద్ర. స్కూటర్ టైరు కోసం వచ్చాడట.

"ఊరికెనే... టైర్లు..."

"రేసు టైర్లు సార్," అన్నాడు అంజన్ గర్వంగా.

"రేసా? ఎవరికండీ?"

పూజలో వామన్‌రావు నుదుట పెట్టుకున్న బొట్టు ఇంకా ఆరలేదు. ఆ నుదుటి కిందే ఉన్న నోరు, "నాకే," అంది. కారు స్టీరింగ్ ఏనాడూ ముట్టని మనిషి నోరు అది.

రాఘవేంద్ర ఆయన్ను తెల్లజుట్టు నుంచి చెప్పుల దాకా చూశాడు. "మరి ఆ మెరిసేవి తీసుకోవచ్చుగా? ఇవి అరిగిపోయినట్టున్నాయి. పైగా వెనక వాటికేనా? ముందు చక్రాలేం పాపం చేశాయండీ?"

అబద్ధం ఒకసారి బయటికి వచ్చాక దానికి ఇల్లు కట్టక తప్పదు. ఇన్నాళ్లూ కూతురి నోట విన్నదంతా వామన్‌రావు గుర్తు తెచ్చుకున్నాడు. "ముందు చక్రాలు తోవ చూపెడ్తయి, గంతే. నెట్టేటివి వెనకవి. రిమ్ము చిన్నగుంటే రబ్బరు ఎక్కువుంటది. కారు దుంకంగనే టైరు గోడ జర ముడత పడి, నేలను గట్టిగ పట్టుకుంటది. గీతలుంటే పట్టు తగ్గుతది. వాన రోడ్డుకైతే ఇవి పనికిరావు, ఎండిన నేల మీదనే."

"మీకింత అనుభవం ఉందని తెలీదండీ!" రాఘవేంద్ర చక్రాలకు తనే బొట్లు పెట్టించాడు. వామన్‌రావును వాటి మధ్య నిలబెట్టి ఫోటో తీశాడు.

ఆటో ఆబిడ్స్ చేరేలోపే ఫోటో సోమయాజులు గారింటికి, అక్కడి నుంచి బంధువులందరికీ చేరింది. ఆ బంధువుల్లో ఒకరు, వామన్‌రావు కూడా వెళ్లే నాంపల్లి భజన మండలిలో తాళం వేస్తారు. మండలి పెద్ద నాగరత్నమ్మ ఫోన్ చేసింది. "వామన్‌రావు గారూ, ఈ ఏజ్‌ల మీకిదేం బుద్ధి? ఆదివారం మీ పేరు మీద గోవింద నామాలు పెట్టుకున్నం. జర పైలం!"

ఐస్‌క్రీమ్ సంగతి ఆయనకు గుర్తే రాలేదు. 'స్వామీ, బిడ్డ సంబంధం నిలబడాలనే కద అబద్ధమాడిన? ఒక్క అబద్ధానికి భజన గూడ పెట్టిస్తవా?' అని మనసులోనే అడిగాడు.

ఇంట్లో విద్యావతి నిలదీసింది. "బ్రేకెక్కడుంటదో ఎరుకనా మీకు? పొద్దటి సంది ఫోన్లే ఫోన్లు! సోమయాజులు గారు సాయంత్రం వస్తున్నరట. మాట తీరు మంచిగ లేదు."

సోమయాజులు వచ్చి, కాఫీ ముట్టకుండా కూర్చున్నాడు. "బావగారూ, దాపరికం ఎందుకండీ. మా ఆవిడ మధ్యాహ్నం నుంచి అన్నం తినలేదు. ఈ వయసులో రేసులు తోలే మనిషితో వియ్యం అంటే ఎలాగండీ? రేపు పెళ్లి పీటల మీద మీరుంటారా, ఆస్పత్రిలో ఉంటారా? తాంబూలాలు కొన్నాళ్లు ఆపుదాం అనుకుంటున్నామండి."

అప్పుడే అక్షిత లోపలికి వచ్చింది. వరండాలోని చక్రాలను చూసి చప్పట్లు కొట్టింది. "నాన్నా, కరెక్ట్‌గ తెచ్చినవ్!" తర్వాత గదిలో కూర్చున్న మనిషినీ, తండ్రి మొహాన్నీ చూసి, సంగతి అడిగి తెలుసుకుంది.

"అంకుల్, రేసు నాది. కారు నాది. నాన్న సామాను తెచ్చిండు, గంతే."

విద్యావతి కళ్లు మూసుకుంది.

"అంటే... తోలేది మీరు కాదా బావగారూ?"

"కాదండి. బిడ్డ తోలుతదంటే మీరు వద్దంటరని భయపడ్డ."

సోమయాజులు గట్టిగా ఊపిరి వదిలి, చల్లారిన కాఫీ గ్లాసు అందుకున్నాడు. "ఆ ముక్క పొద్దున్నే చెప్పొద్దుటండీ! చిన్నపిల్ల, హెల్మెట్ పెట్టుకుంటుంది, తోలుకుంటుంది. మా వాడికి ఫ్లైఓవర్ ఎక్కితేనే చెమటలు. ఇంట్లో ఒకరికైనా ధైర్యం ఉండాలిగా. ఆదివారం మేమూ వస్తామమ్మా. తాంబూలాలు అనుకున్న రోజే."

గుమ్మం దాకా వెళ్లి ఆయన మళ్లీ వెనక్కి వచ్చాడు. "కానీ బావగారూ, ఆ రాఘవేంద్రకి మీరు చెప్పిన తీరు వింటే మీకూ లోపల మోజు ఉన్నట్టే ఉంది. ఆ కారు తోలనని దేవుడి పటం ముందు ఒక్క మాట ఇవ్వండి."

వామన్‌రావు కాళ్లు కడుక్కుని వచ్చి, దీపం ముందు నిలబడి, భక్తితో మాట ఇచ్చాడు. అంత తేలికైన వ్రతం ఆయన జన్మలో పట్టలేదు.