పన్నెండు పరుపుల స్టూడియో

చిలకలూరిపేట చుట్టుపక్కల ఆటోకి మైకు కట్టుకుని "రైతు సోదరులకు ముఖ్య గమనిక" అంటూ ఒక గొంతు వెళ్తుంటుంది చూడండి, ఆ గొంతు నాదే. విత్తనాల కొట్టు, కళ్ళజోళ్ళ షాపు, తప్పిపోయిన గేదె, దేనికైనా నేనే. పేరు త్రినాథ్. వీధి వైపు గదిలో ఒక మైకు, ఒక కంప్యూటరు, ఒక జత చిన్న స్పీకర్లు పెట్టుకుని దానికి స్టూడియో అని పేరు పెట్టాను. మా ఆవిడ కోటేశ్వరి మాత్రం దాన్ని "ఆ గది" అంటుంది.

ఈమధ్య ఒక చిక్కొచ్చి పడింది. గదిలో వింటే నా గొంతు గోలెంలోంచి వచ్చినట్టు గుమ్ముమని మోగుతుంది. సరే కదా అని ఆ బరువు కాస్త తగ్గించి పంపిస్తాను. తీరా ఆటో ఎక్కేసరికి అది పీలగా అయిపోతోంది. విత్తనాల కొట్టు దానయ్యగారు ఫోన్ చేసి, మనం మాట్లాడుకున్నది మగ గొంతు కదా, మీ ఆవిడ చేత చదివించారేమిటని అడిగారు. ఈసారీ ఇలాగే ఉంటే పత్తి విత్తనాల సీజను మొత్తం ఒంగోలు వాళ్ళకి ఇస్తానని కూడా చాలా మర్యాదగా చెప్పారు.

సీజను పోతే నా స్టూడియో నిజంగానే "ఆ గది" అయిపోతుంది. తప్పు నాది కాదు కాబట్టి స్పీకర్లదే అయ్యుండాలి. అందుకని పెద్ద సైజు స్టూడియో మానిటర్లు, అంటే రికార్డింగు విని సరిచూసుకునే స్పీకర్లు, ఒక జత తెప్పించాను. యాంప్లిఫయర్ వాటి కడుపులోనే ఉంటుంది. నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి పంపొచ్చు.

అవి దిగిన రోజునే మా వరండాలో అలీ సాహెబ్ గారు పరుపులు కుడుతున్నారు. మా మామగారు అమ్మగా మిగిలిన పత్తంతా కూతురికి పంపించారు, దాంతోపాటు రెండు టిక్కీల, అంటే రెండు పెద్ద బస్తాల, ఎండుమిర్చి కూడా. పత్తి పన్నెండు పరుపులకి సరిపోయింది. వాటిని ఎక్కడ పెట్టాలా అని మా ఆవిడ వారం నుంచీ ఇల్లంతా చూసి, చివరికి నా గది గుమ్మం దగ్గర ఆగుతోంది. ఆ చూపు నాకు నచ్చడం లేదు.

"పాతవాటికేం రోగం?" అంది పెట్టెలు చూసి.

"వాటికి నిజం చెప్పడం రాదు. మానిటర్ అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

"ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఇంట్లో నేనున్నాగా. నాకు కరెంటు కూడా అక్కర్లేదు."

ఇలాంటప్పుడు మగవాడు నోరు మూసుకోవాలి. నేను సైన్సు తెరిచాను. చెవులు మోసం చేస్తాయి, కళ్ళు మోసం చేస్తాయి, కొలత మోసం చెయ్యదని చెప్పాను. కొలిచే మైకొకటి కుర్చీ దగ్గర నిలబెట్టి, స్పీకర్లోంచి మంద్ర శబ్దం నుంచి కీచు శబ్దం దాకా ఒక కూత వదిలితే కంప్యూటరు గీత గీస్తుంది. గీత తిన్నగా ఉంటే మంచి స్పీకరు. మిట్టలూ పల్లాలూ ఉంటే చెడ్డది.

"ఏ జత గీత తిన్నగా ఉంటే అది ఇంట్లో ఉంటుంది, రెండోది బయటికి పోతుంది" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "కొత్తవి ఓడిపోతే ఈ గదిలో నీ ఇష్టం వచ్చింది పెట్టుకో" అని కూడా అనేశాను.

"అలీ సాహెబ్ గారూ, విన్నారుగా" అంది మా ఆవిడ. ఆయన దారం పళ్ళతో తెంపుతూ తలూపారు.

తలుపేసుకుని ముందు పాతవి కొలిచాను. కూత గేదె అరుపులా మొదలై దోమ పాటలా ముగిసింది. గీతలో నూట ఇరవై హెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా నా గొంతు ఉండే చోట, కోటప్పకొండంత మిట్ట లేచింది. దొరికావురా దొంగా అనుకుని కొత్తవి కొలిచాను. అదే చోట అదే కొండ, ఈసారి ఇంకాస్త ఎత్తుగా.

ఇంటర్నెట్‌లో వెతికితే, మంద్ర శబ్దం గది మూలల్లో పోగవుతుందనీ, మూలల్లో మందంగా ఏదైనా పెట్టాలనీ ఎవరో పుణ్యాత్ముడు రాశాడు. నాకు వెంటనే వంటింట్లోని మిరపకాయల టిక్కీలు గుర్తొచ్చాయి.

ఇక్కడ మీ దగ్గర దాచడమెందుకు, నేను చేసింది మోసమే. మూలలకి బస్తాలు పెట్టి కొత్తవి కొలవాలి, తీసేసి పాతవి కొలవాలి, రెండు గీతలూ మా ఆవిడకి చూపించాలి. ఆవిడ బజారుకెళ్ళగానే టిక్కీలు రెండూ ఈడ్చుకొచ్చి చెరో మూలా నిలబెట్టాను. ఒకదాని మూతి ఊడిపోయింది. పోనీలే అనుకున్నాను. మంద్ర శబ్దం గట్టిగా ఉంటే కొలత బాగా వస్తుందని స్పీకర్లు బస్తాలకి ఆనించి సౌండు పూర్తిగా పెంచాను. అసలే తలుపు మూసి ఉంది, పైన ఫ్యాను తిరుగుతోంది.

గేదె అరిచింది. బస్తాలు వణికాయి. ఎర్రటి దుమ్ము లేచి, ఫ్యాను దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నా మీదికి దిగింది.

పదిహేడు తుమ్ముల దాకా లెక్క ఉంది, ఆ తర్వాత లేదు. కళ్ళు కనపడక తలుపనుకుని బీరువా తెరిచాను. చివరికి అలీ సాహెబ్ గారే తలుపు తోసి నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాగి, ఆయనా తుమ్ముతూ కూర్చున్నారు. అప్పటికే మా ఆవిడ సంచీతో గేట్లో నిలబడి ఉంది. కంప్యూటరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఆ గీత చూస్తే తాటిమట్ట రంపంలా ఉంది. అందులో సగం నా తుమ్ములే.

మా ఆవిడ తిట్టలేదు. నాకు మజ్జిగ ఇచ్చి, మిరపకాయలు కొత్త స్పీకర్ల వంతుకే ఎందుకు పెట్టారని మాత్రం అడిగింది. ముక్కు పట్టేసింది, మాట రావడం లేదన్నట్టు సైగ చేశాను. తర్వాత చాలాసేపు ఆవిడ వరండాలో అలీ సాహెబ్ గారితో ఏదో మాట్లాడుతూనే ఉంది. నా చెవులు కూడా దిబ్బడ వేసి ఉండటంతో అదేమిటో వినపడలేదు.

మర్నాడు పొద్దున్నే పిలిచింది. గదంతా కడిగిందట. వరండాలో ఇంకా ఘాటుగా ఉందని పరుపులు తాత్కాలికంగా నా గది మూలల్లో నిలబెట్టిందట. రెండు స్పీకర్ల మీదా పాత చీరలు కప్పి ఉన్నాయి.

"కళ్ళు మోసం చేస్తాయన్నారుగా, ముసుగులోనే కొలవండి. వైర్లు నేనే పెట్టాను" అంది.

"ఇవి కొత్తవేనా?" అన్నాను.

"గీత చెప్పదా?" అంది.

కూత వదిలాను. గీత చూసి కుర్చీలోంచి లేచాను. కొండ లేదు. ఒంగోలు హైవేలా తిన్నగా సాగిపోయింది, మధ్యలో చిన్న స్పీడుబ్రేకరు తప్ప. సంతోషం పట్టలేక, నిన్న ఇవి కొత్తవి కాబట్టి బిగుసుకుని ఉన్నాయి, ఇవాళ సర్దుకున్నాయి, స్పీకరంటే ఇదీ అని ఉపన్యాసం ఇచ్చాను. పాతవి ఇప్పుడే ఇంట్లోంచి పంపించెయ్యమన్నాను.

మా ఆవిడ చీరలు లాగింది. కింద నా పాత చిన్న స్పీకర్లు, ఎత్తు కోసం ఒక్కోదాని కింద రెండేసి దిండ్లు.

వరండాలోకి పరుగెత్తాను. కొత్త స్పీకర్ల పెట్టెలు గోనెపట్టాలో చుట్టి ఉన్నాయి. అలీ సాహెబ్ గారు పరుపుల దబ్బనంతో వాటికి ఆఖరి కుట్టు వేస్తున్నారు. అంత అందమైన కుట్టు నా పెళ్ళి పరుపుకి కూడా లేదు.

"మా కొట్లో పత్తి కుప్పల మధ్య కూర్చుంటే పక్కవాడు పిలిచినా వినపడదు బాబూ. పత్తి శబ్దాన్ని మింగుతుందా అని అమ్మ నిన్న అడిగితే అదే చెప్పాను" అన్నారాయన ముడి వేస్తూ.

"మీ స్పీకర్లు మొదట్నుంచీ నిజమే చెబుతున్నాయి. గదే మధ్యలో దూరి కేకలేస్తోంది" అంది మా ఆవిడ. "మాట ప్రకారం, గీత తిన్నగా ఉన్నవి ఇంట్లో ఉంటాయి. కొత్తవి ఓడిపోయాయి కాబట్టి ఈ గదిలో నా ఇష్టం."

ఆ సాయంత్రమే కొత్తవి వెళ్ళిపోయాయి, పరుపులు ఉండిపోయాయి. వాటి మధ్య కూర్చుని చేసిన రికార్డింగు విని, దానయ్యగారు ఇదీ మగ గొంతంటే అని, పరుపుల కథంతా అడిగి తెలుసుకుని, సీజను మొత్తం నాకే ఇచ్చారు. సీజను వచ్చిన సంగతి మా ఆవిడకి, ఆవిడ వైపు చూడకుండానే చెప్పాను. సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది.

ఒక్కటే ఇబ్బంది. పోయిన నెల మా అత్తగారు రాజ్యంగారు, వెంట ఎనిమిది మంది చుట్టాలూ దిగారు. పరుపులన్నీ హాల్లో పరిచేశారు. కొండ మళ్ళీ లేచింది, నేను మళ్ళీ బరువు తగ్గించాను, ఆటో ఊరి మీద పడింది. అరగంటలో దానయ్యగారి నుంచి ఫోన్.

"చుట్టాలు ఎప్పుడు వెళ్తారండి?" అన్నారు.